ఒక్క తిప్పుకే స్టార్టయిన కారు

"ఆపు! ఇంజనాపు!"

బాబాయి అరుపుకి నా చెయ్యి తాళం మీదే బిగుసుకుపోయింది. ఆపేశాను.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యి."

తాళం తిప్పాను. కారు వెంటనే అందుకుంది. దగ్గలేదు, తుమ్మలేదు, ఒళ్ళు విదిలించుకోలేదు. పిన్ని కుట్టుమిషను కంటే మెత్తగా తిరగసాగింది.

బాబాయి బానెట్టు అంచు పట్టుకుని నిలబడిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయిపోయాం," అన్నాడు.

షాపు వెనక భాగంలో సీటు కవరు అంచులు కుడుతున్న పిన్ని తలెత్తింది. "బండి స్టార్టయితే అయిపోవడమేంటండీ? మూడేళ్ళుగా స్టార్టవట్లేదనేగా మా ప్రాణాలు తోడేశారు!"

"ఒక్క తిప్పుకే స్టార్టయిందే!"

"సంతోషం."

"సంతోషం కాదు. ఈ కారు వయసు అరవై రెండేళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తిప్పుకి ఎప్పుడూ లేవలేదు. గురువారం పొద్దున కూడా నాలుగో తిప్పుకి గానీ లేవలేదు. ఇవాళ శనివారం. ఈ మధ్యలో దీనికి ఎవరో ఏదో చేశారు."

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పన్నెండు గంటలకి పాత కార్ల క్లబ్బు నుంచి తనిఖీ ఆయన వస్తాడు.

బాబాయి ఇంజను మీదకి వంగాడు. రెండు క్లిప్పులు విప్పి డిస్ట్రిబ్యూటర్ మూత ఎత్తాడు. అలాగే వంగి ఉండిపోయాడు. నేను దిగి పక్కకి వెళ్ళి తొంగిచూశాను.

డిస్ట్రిబ్యూటరంటే టీకప్పంత డబ్బా. ఇంజనులో పెట్రోలు మండడానికి నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ సరైన క్షణానికి పుట్టేలా చూసేది ఈ డబ్బానే. పాత కార్లలో దాని లోపల రెండు చిన్న లోహపు ముక్కలు ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయి. వాటిని పాయింట్లంటారు. అవి అరుగుతాయి, మసిబారతాయి, కాస్త తేమ తగిలితే మొరాయిస్తాయి.

మా కారులో అవి లేవు. వాటి చోట బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ దిమ్మ నిగనిగలాడుతూ కూర్చుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాయింట్లు చేసే పనినే అరగకుండా, అలవకుండా చేసే కొత్త సామాను. మూత పెట్టేస్తే ఆ కారుని తయారుచేసిన వాడు కూడా కనిపెట్టలేడు.

బాబాయి నెమ్మదిగా తల తిప్పి నావైపు చూశాడు. పిన్ని చూసింది. గోడ మీద బల్లి కూడా నావైపే చూసినట్టనిపించింది.

"నేను కాదు," అన్నాను.

నా మాట నమ్మడానికి వాళ్ళకి పెద్ద కారణాలేమీ లేవు. ఈ షాపులో కరెంటు పనంతా నాది. పదేళ్ళ వయసులో ఇస్త్రీపెట్టె విప్పి చూడబోయి వీధి మొత్తానికి కరెంటు పోగొట్టిన దగ్గర్నుంచి అందరికీ నేను ఫ్యూజునే. అంతకంటే పెద్ద సాక్ష్యం కూడా ఉంది. నలభై ఒక్క ఓట్లు.

ఈ కారు ఓ రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిది. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో తన జీతంతో కొనుక్కున్న కారు. మూడేళ్ళ కిందట తాళ్ళు కట్టి లాక్కొచ్చి మా షాపు ముందు దింపి, "ఏవయ్యా మేస్త్రీ, దీన్ని మళ్ళీ మనిషిని చెయ్యి," అన్నారు. అప్పుడే బాబాయి ఓ పద్ధతి పెట్టాడు. ఏ భాగం మార్చాల్సొచ్చినా పాతదే వెతకాలా, కొత్తరకం బిగించాలా అన్నది ముగ్గురం ఓటేసి తేల్చాలి. బాబాయి, నేను, మేడంగారు. నాలుగింటి టీ దగ్గర ఓటింగు. బాబాయి ఓటు ఎప్పుడూ ఒరిజినలుకే. నాది ఎప్పుడూ కొత్తదానికే. మేడంగారు కళ్ళజోడు సవరించుకుని, నోటుబుక్కు తెరిచి, ఇద్దరి వాదనా విని, ప్రతిసారీ ఒకే మాట అనేవారు: "ఒరిజినల్."

డిస్క్ బ్రేకులన్నాను, ఓడిపోయాను. మంచి హెడ్‌లైట్లన్నాను, ఓడిపోయాను. సీటు బెల్టులన్నాను. "ఆ రోజుల్లో మేం జాగ్రత్తగా నడిపేవాళ్ళం," అన్నారు మేడంగారు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కోసమైతే చార్టు గీసి మరీ వాదించాను.

"పుట్టినప్పుడు ఎలా దగ్గిందో ఇప్పుడూ అలాగే దగ్గాలి," అన్నాడు బాబాయి.

"దగ్గితే మందు వెయ్యాలి బాబాయ్, పండగ చేసుకోరు!"

"ఒరిజినల్," అన్నారు మేడంగారు.

నలభై ఒక్కసార్లు పోటీచేసి నలభై ఒక్కసార్లు ఓడిపోయినదాన్ని. దొంగ ఓటు ఎవరు వేశారంటే ఎవరైనా నావైపే చూస్తారు.

"చూడమ్మా," అన్నాడు బాబాయి. గొంతులో కోపం కూడా లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "నువ్వే చేసుంటే ఇప్పుడే చెప్పు. పాత పాయింట్లు ఇచ్చెయ్యి. అరగంటలో బిగించేస్తాను. ఎవరికీ తెలియదు."

"నా దగ్గరుంటేగా ఇవ్వడానికి!"

"ఇంకో జత కొనుక్కురాకూడదూ?" అంది పిన్ని.

బాబాయి నవ్వలేక నవ్వాడు. ఆ జత కోసం ఎనిమిది నెలలు తిరిగాడు. చివరికి మూతపడిన ఓ సామాన్ల కొట్టు అటకమీద, ఎలుకలు కొరికిన అట్టపెట్టెలో దొరికింది. ఇంకో కారువి దీనికి పట్టవు.

"క్లబ్బాయనకి ఫోన్ చేసి వచ్చే వారం రమ్మంటే?"

"ఏడాదికోసారి వస్తాడు. ఈపాటికి బస్సెక్కేసుంటాడు. అయినా సీలు రాకపోతే రాకపోయిందనుకుందాం. కాగితం మీద సంతకం పెట్టాను కదే!"

అసలు ప్రమాదం అదీ. ఒరిజినల్ కారని క్లబ్బు సీలు వెయ్యాలంటే దాన్ని బాగుచేసిన షాపు హామీ ఇవ్వాలి. 'ఇందులో ప్రతి భాగమూ తొలినాటి రకానిదే' అని సంతకం పెట్టాలి. ఆ మాట అబద్ధమని తేలితే, క్లబ్బు తన సభ్యులకిచ్చే నమ్మకమైన షాపుల జాబితాలోంచి పేరు కొట్టేస్తుంది. మా షాపుకొచ్చే ప్రతి కారూ ఆ జాబితా చూసే వస్తుంది. అందులో పేరు పోతే బాబాయి షట్టరు దించేసి, ఇంట్లో కూర్చుని పిన్నికి మిషను నూనె వెయ్యాల్సిందే.

"రెండున్నర గంటలుంది," అన్నాను. "పాయింట్లు ఈ షాపులోనే ఎక్కడో ఉంటాయి. వెతుకుదాం."

వెతికాం. స్పానర్ల పెట్టెలు బోర్లించాం. నట్లూ బోల్టులూ ఉన్న డబ్బాలన్నీ కుమ్మరించాం. చెత్తబుట్ట తిరగేశాం. కారు కిందకి దూరాను. బాబాయి అలమర మీదకెక్కి దుమ్ముకి పదమూడుసార్లు తుమ్మాడు. పాయింట్లు లేవు.

అప్పుడు కనిపించింది. పిన్ని మా వెనక నుంచి, చప్పుడు కాకుండా, కుట్టుమిషను సొరుగులోకి ఏదో తోసి మూసేసింది.

నేను రెండంగల్లో అక్కడున్నాను. "పిన్నీ, సొరుగు తియ్యి."

"దారపు ఉండలే."

"తియ్యి."

"నా సొరుగు తియ్యమనడానికి నువ్వెవరే?"

బాబాయి అలమర మీంచే గర్జించాడు. "తియ్యవే!"

పిన్ని సొరుగు లాగింది. లోపల పాయింట్లు లేవు. సెల్‌ఫోన్ చార్జింగ్ సాకెట్ ఉంది. ప్యాకింగు కూడా విప్పలేదు.

"పెట్టలేదు!" అంది పిన్ని, రెండు చేతులూ పైకెత్తి. "కారులో సామాన్ల అర లోపల ఎవరికీ కనపడకుండా పెడదామనుకున్నానంతే. మేడంగారు దారిలో ఫోన్ చచ్చిపోతే ఎవర్ని పిలుస్తారు చెప్పు? అనుకోవడం కూడా నేరమా?"

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "ఇంట్లోనే ఇన్ని పాములా," అని గొణిగాడు.

పాయింట్లు దొరకవని తేలిపోయింది. ఇక దొంగని పట్టుకోవడమే దారి. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి లెక్క రాయడం మొదలుపెట్టాను. గురువారం పొద్దున కారు నాలుగో తిప్పుకి లేచింది, అంటే అప్పటికి పాత పాయింట్లే ఉన్నాయి. శుక్రవారం రోజంతా నేనూ బాబాయీ పిన్నీ కారుచుట్టూ పాలిష్ గుడ్డలతో కూర్చున్నాం. కన్ను తిప్పితే తెలిసిపోయేది. రాత్రిళ్ళు షాపుకి తాళమేసి ఉంటుంది. ఇంక మిగిలింది గురువారం మధ్యాహ్నం. ఆరోజు పిన్ని పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నేను రెండు గంటలకి బ్యాటరీ షాపుకి వెళ్ళాను. బాబాయి రెండింటికే తలుపు రబ్బర్లు తేవడానికి వెళ్ళాడు. షాపు మేడంగారికి అప్పజెప్పి వెళ్ళాం.

"నువ్వు బ్యాటరీ షాపులో ఎంతసేపున్నావు?" బాబాయి అడిగాడు.

"గంటన్నర. నువ్వు రబ్బర్ల దగ్గర?"

"నన్నడుగుతున్నావా?"

"అందర్నీ అడగాలిగా."

"రెండు గంటలు," అన్నాడు బాబాయి, మొహం తిప్పేసుకుని. ఆ తిప్పడం నాకు నచ్చలేదు.

ఆయన మొహం కడుక్కోడానికి వెళ్ళగానే నేను టార్చి తీసుకుని డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి దిమ్మని కాదు, దాన్ని పట్టి ఉంచిన రెండు స్క్రూలని చూశాను.

టార్చి ఇంకాస్త దగ్గరగా పెట్టాను.

రెండు స్క్రూల తలల మీదా గాట్లు నిటారుగా ఉన్నాయి. గడియారంలో ఆరు గంటలకి ముళ్ళు నిలబడ్డట్టు. స్క్రూ అలా ఊరికే ఆగదు. బిగించాక కావాలని సరిచెయ్యాలి. ఈ షాపులో అలా చేసేది ఒకే ఒక్క మనిషి. నలభై ఏళ్ళుగా బాబాయి బిగించిన ప్రతి స్క్రూ నిటారుగా నిలబడుతుంది. లోపల ఎవరికీ కనపడనిదైనా సరే. "పని చేసినవాడికి కనపడుతుందిగా," అంటాడు.

బాబాయి! నలభై ఒక్కసార్లు ఒరిజినలుకి ఓటేసిన బాబాయి!

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి జాలేసింది. ఆ పాయింట్లు ఎక్కడో పాడైపోయుంటాయి. ఎనిమిది నెలలు వెతికి తెచ్చినవి పనికిరావని నాముందు ఒప్పుకోలేక, నేను చెప్పిన సామానే తెచ్చి, దొంగచాటుగా బిగించేసి ఉంటాడు. ఇప్పుడు బయటపడేసరికి అయిపోయాం అంటూ నాటకం. ఆ నాటకం బాగానే ఆడుతున్నాడు, పాపం.

సరే. పరువు పోతే ఆయనది పోతుంది. నాకు పోవడానికి పెద్ద పరువేం లేదు. అడిగితే నేనే చేశానని చెప్పేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మూత పెడుతుండగా ఓ విషయం గమనించాను. మొహం కడుక్కుని వచ్చిన బాబాయి, డిస్ట్రిబ్యూటరుకి కరెంటు పంపే కాయిల్ దగ్గర వంగి, ఏదో చటుక్కున లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏంటది?"

"దుమ్ము," అన్నాడు.

దుమ్ముని జేబులో దాచుకునే మనిషిని అదే మొదటిసారి చూడడం.

పదిన్నరకి మేడంగారు వచ్చారు. ఇస్త్రీ మడతలు నలగని చీర, మోచేతికి పెద్ద సంచి, నెరిసిన జుట్టు ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా ముడి. ఆవిడ అడుగుపెడితే షాపులో సామాను కూడా వరసలో నిలబడుతుంది. జరిగింది బాబాయి చెప్పాడు.

"మూత ఎందుకు తీశారు?" అన్నారు మేడంగారు.

"ఒక్క తిప్పుకే స్టార్టయిందండీ."

"అయితే మంచిదేగా?"

"మంచిదే మేడం. మా షాపు పేరు జాబితాలోంచి పోవడానికి బాగా మంచిది."

మేడంగారు సంచి గట్టిగా పట్టుకున్నారు. "షాపు పేరెందుకు పోతుంది? మహా అయితే కారుకి సీలు రాదు. అంతేగా?"

"నేను హామీ సంతకం పెట్టాను కదండీ."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మీకెందుకు చెప్పడం? అది షాపు గొడవ."

ఆవిడ నోరు తెరిచారు. "మేస్త్రీ, నేనొక మాట—"

బయట రిక్షా ఆగింది. గంటన్నర ముందే వచ్చేశాడు తనిఖీ ఆయన.

ఆయనకి క్లబ్బులో పెట్టిన ముద్దుపేరు భూతద్దం. సన్నగా, పొడుగ్గా, మెడలో నల్లదారానికి భూతద్దం వేలాడదీసుకుని వచ్చాడు. అందరికీ నమస్కారం పెట్టి, కారుకి కూడా పెట్టి, పని మొదలుపెట్టాడు. హెడ్‌లైట్ల అద్దాలు చూశాడు. కిటికీ పిడులు చూశాడు. టైర్ల మీద అక్షరాలు చదివాడు. సీటు కుట్లు లెక్కపెట్టి పిన్ని వైపు తిరిగి, "అంగుళానికి ఎనిమిది. పాతరోజుల్లో సరిగ్గా ఇంతే," అన్నాడు. పిన్ని మొహం వెలిగిపోయి, మిగతా విషయం గుర్తొచ్చి ఆరిపోయింది.

"ఒక్క మాట," అన్నారు మేడంగారు.

"ఇప్పుడొద్దండీ," బాబాయి గుసగుసగా అన్నాడు. "పని మధ్యలో పలకరిస్తే ఆయనకి చిరాకు."

నలభై నిమిషాలు గడిచాయి. కాగితం మీద టిక్కులే టిక్కులు. భూతద్దంగారి పెదవుల మీద చిరునవ్వు. "అద్భుతం. ఇంక ఇంజను ఒక్కటే. స్టార్ట్ చెయ్యండమ్మా."

నేను సీట్లో కూర్చున్నాను. నా జీవితంలో మొదటిసారి ఓ కారు స్టార్టవకూడదని మనసారా కోరుకున్నాను. పిన్ని కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. బాబాయి రెండు చేతులూ బానెట్టు మీద ఆనించి, మొండిపిల్లని బతిమాలుతున్నట్టు కారువైపు చూస్తున్నాడు. చోక్ పూర్తిగా లాగాను. పొద్దున్న ఓసారి తిరిగిన ఇంజనుకి అలా చేస్తే పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరవుతుంది. తాళం సగమే తిప్పి వదిలేద్దామనుకున్నాను.

సగం తిప్పేలోపే స్టార్టయింది.

అంత చక్కటి మోత ఆ ఇంజను ఎప్పుడూ చెయ్యలేదు. బాబాయి తల బానెట్టు మీద వాలిపోయింది.

భూతద్దంగారి చిరునవ్వు మెల్లగా కరిగింది. "నా చేతిలో ఇలాంటివి ముప్పై కార్లు తనిఖీ అయ్యాయి. ముప్పై కార్లూ నన్ను చూసి దగ్గాయి. మూత తియ్యండి."

తీశాం. భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఓ ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, కలం మూత తీశాడు.

"నిబంధన చదువుతాను. హామీ ఇచ్చిన షాపు మనుషులు కొత్త భాగం బిగించి దాచితే, షాపు పేరు జాబితాలోంచి తీసేస్తాం. వాళ్ళకి తెలియకుండా ఓనరు బిగించుకుంటే షాపు తప్పు లేదు. కారుకి ఒరిజినల్ సీలు రాదు, రోడ్డు మీద తిరిగే కార్ల తరగతిలో రాస్తాం, అంతే. ఎవరు చేశారో తెలియకపోతే షాపు చేసినట్టే లెక్క. చేసినవాళ్ళు సాక్షుల ముందు పైకి చెప్పాలి. చెప్పండి."

"నేనే," అన్నాను.

"నేనే," అన్నాడు బాబాయి.

ఇద్దరం ఒక్కసారే అన్నాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వు నోర్మూసుకో," అన్నాడు బాబాయి. "షాపు నాది, తప్పు నాది. చిన్నపిల్ల, దీనికేం తెలియదు రాసుకోండి."

"ఏం తెలియకపోవడమేంటి? కరెంటు పనంతా నాదేగా! బాబాయికి ఎర్రతీగ ఏదో నల్లతీగ ఏదో తెలియదండీ, ఆయన మాట నమ్మకండి."

"నాకు తెలియదా? నీ ఈడుకి నేను లారీకి వైరింగు చేశానే!"

"చేస్తే లారీ తగలబడిందటగా, నాన్న చెప్పాడు!"

"ఆగండి," అన్నాడు భూతద్దం. బాబాయి వైపు తిరిగాడు. "మీరే చేస్తే, తీసిన పాయింట్లు ఎక్కడున్నాయి?"

బాబాయి చెత్తబుట్ట వైపు చూశాడు. "పారేశాను."

"ఎనిమిది నెలలు వెతికి తెచ్చారని ఉత్తరంలో రెండు పేజీలు రాశారు నాకు. పారేశారా?"

బాబాయి తలదించుకున్నాడు. పాయింట్లు పారేశానని అబద్ధానికి కూడా రెండోసారి అనలేకపోయాడు.

"నా దగ్గరున్నాయి," అన్నాను నేను.

"చూపించండి."

"ఇంట్లో దాచాను."

భూతద్దం షాపంతా కలియజూశాడు. బోర్లించిన డబ్బాలు, కుమ్మరించిన నట్లు, నేల మీద చెత్తబుట్ట. "ఇంట్లో దాచినదాని కోసం ఇక్కడ ఇంతలా వెతికారా?"

నేను నేల మీది నట్లు ఏరడం మొదలుపెట్టాను. పిన్ని మాత్రం మెల్లగా, "ఇద్దరికీ అబద్ధమాడ్డం చేతకాదు," అంది.

"మేస్త్రిగారూ," అన్నాడు భూతద్దం, "ఈ అమ్మాయి చేసిందని మీకు ఎందుకనిపించింది? నిజం చెప్పండి. లేకపోతే మీ మీద వేసుకోరు."

బాబాయి జేబులోంచి ఓ చిన్న కాగితం ముక్క తీశాడు. "ఇది తీగకి అంటించి ఉంది. తీగలకి చీటీలు అంటించేది ఈ షాపులో ఇదొక్కతే. కనపడకుండా లాగేశాను."

"దుమ్మన్నావుగా!" అన్నాను.

"మరి మీరు ఎందుకు ఒప్పుకున్నారమ్మా?" అన్నాడు భూతద్దం.

చెప్పక తప్పలేదు. "స్క్రూలు. రెండూ నిటారుగా ఉన్నాయి. అలా పెట్టేది బాబాయి ఒక్కడే."

బాబాయి గబుక్కున వంగి చూశాడు. "నేను పెట్టలేదే!" ఇంకాస్త వంగి చూశాడు. "కానీ చక్కగా పెట్టారు."

"చీటీ నేనంటించలేదు," అన్నాను.

భూతద్దంగారికి హుషారొచ్చింది. కాలుమీద కాలేసుకున్నాడు. "స్క్రూలు ఈయన పద్ధతి, చీటీ ఈ అమ్మాయి పద్ధతి. అంటే ఇద్దరి పనీ పక్కనే కూర్చుని, చాలాకాలం, చాలా శ్రద్ధగా చూసి నేర్చుకున్న మూడో మనిషి. చీటీలో ఏముందో చదివారా?"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ."

భూతద్దం చీటీ తీసుకుని, అద్దం పెట్టి చూసి, పైకి చదివాడు. "ఎర్ర తీగ కుడివైపు. నల్ల తీగ ఎడమవైపు. బిగించిన పిమ్మట మరొకసారి సరిచూసుకొనవలెను." ఆగి అన్నాడు: "ముత్యాల్లాంటి అక్షరాలు. కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టారు."

గురువారం మధ్యాహ్నం లెక్క రాసిన క్యాలెండరు కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. అందులో ముగ్గురి రాకపోకలూ నిమిషాలతో సహా రాశాను. షాపులో కదలకుండా కూర్చున్న నాలుగో మనిషిని మాత్రం కాపలా కింద లెక్కేశాను.

మెల్లగా తలలన్నీ ఒకేవైపు తిరిగాయి.

మేడంగారు అప్పటికే లేచి నిలబడ్డారు. ముప్పై ఏళ్ళపాటు బడిలో ప్రార్థన గంట కొట్టించిన మనిషి నిలబడితే ఎలా ఉంటుందో అలా నిలబడ్డారు.

"ఇంతసేపూ చెబుదామనే చూస్తున్నాను. నన్ను మాట్లాడనిస్తేగా," అన్నారు. సంచి తెరిచి, ఓ జేబురుమాలు తీసి, మడతలు విప్పి బానెట్టు మీద పెట్టారు. పాయింట్లు. నూనె రాసి, పల్చటి కాగితంలో చుట్టి ఉన్నాయి.

బాబాయి వాటిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"ఎలా చేశారు మేడం?" నేనడిగాను.

"ఎలా ఏముంది? సామాను అమ్మినవాడు పెట్టెలో కాగితం ఇచ్చాడు. ఎనిమిది అంచెలు. ఏడో అంచె దగ్గర కాస్త తికమకపడ్డాను. మూడేళ్ళుగా రోజూ ఆ పీట మీద కూర్చున్నాను, ఆ మాత్రం రాదా?"

"మరి ఓటింగులో..."

"ఓటింగు రోజుకి అది సరైన జవాబే." ఆవిడ గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. "పోయిన నెల కారు ఎలా ఉందో చూద్దామని నేనొక్కదాన్నే నడిపాను గుర్తుందా? పెద్ద కూడలి మధ్యలో ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా లేవలేదు. వెనక ఇరవై బళ్ళు హారన్లు. ఓ బస్సు డ్రైవరు దిగొచ్చి, 'బండిని తుక్కుకి వేసి ఇంట్లో కూర్చో మామ్మా' అన్నాడు. నా కారుని నేను అద్దాల గదిలో పెట్టడానికి బాగుచేయించుకోవడం లేదయ్యా. నడపడానికి బాగుచేయించుకుంటున్నాను. కానీ మూడేళ్ళు ఒరిజినల్ ఒరిజినల్ అని మీ ప్రాణాలు తీసి, ఇప్పుడు ఈ ఫ్యూజు ముందుకొచ్చి నువ్వే రైటమ్మా అనడానికి నోరు రాలేదు. ఎవరికీ తెలియదనుకున్నాను. ఇది మరీ అంత బాగా స్టార్టవుతుందనుకోలేదు."

పిన్ని పక్కున నవ్వింది. ఆపుకుందామనుకుని ఇంకా గట్టిగా నవ్వింది.

భూతద్దంగారు నవ్వలేదు గానీ, ఆయన మీసం కదిలింది. "చూడండమ్మా, పాయింట్లు దొరికాయి. మళ్ళీ బిగించేస్తే కారు ఒరిజినలే. కాగితం మీద మాత్రం జరిగింది జరిగినట్టే రాయాలి. ఈ ఏడాదికి సీలు ఇవ్వలేను. ఎవరు చేశారన్న గడి ఖాళీగా వదిలితే షాపు పేరు పోతుంది. మీరు పెద్దవారు. క్లబ్బు పత్రికలో అచ్చవుతుంది, మీ శిష్యులంతా చదువుతారు. ఆలోచించుకుని..."

"మేడం, వద్దండీ," అన్నాడు బాబాయి. "నా పేరే రాయించుకుంటాను. మీరు ఇంత వయసులో..."

"మేస్త్రీ, కూర్చో."

బాబాయి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎందుకో భూతద్దం లేచి నిలబడ్డాడు.

"నేను చెబుతుంటే మీరు రాసుకోండి," అన్నారు మేడంగారు, ఆఖరి బెంచీ దాకా వినిపించే గొంతుతో. "గురువారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, షాపులో ఎవరూ లేని సమయం చూసి, పాత పాయింట్లు తీసి కొత్త సామాను బిగించింది మేస్త్రి కాదు, మేస్త్రి భార్య కాదు, ఈ అమ్మాయి అసలే కాదు. నేను. ఈ కారు ఓనర్ని."